చార్లెస్ కెట్టరింగుగారి జీవితము – మోటారుబండి బ్యాటరీ కథ

మనము ప్రతిదినము వాడుకొను వస్తువులను కల్పించినవారెవరో మనలో అనేకులు ఎరుగరు. అన్నము తినువాడు రైతును మరచినట్లే, మోటారుబండి నెక్కువాడు దానికి ప్రాణము పోసిన బుద్ధిశాలిని మరచుచున్నాడు. తాళపుచెవి త్రిప్పినంతనే, లేక మీట నొక్కినంతనే, ఇంజను మేల్కొనుట నేటి బాలబాలికలకు వింత కాదు. 1911వ సంవత్సరమునకు పూర్వము అది కండబలము గలవారికే సాధ్యమైన పని, వారికిని అపాయకరమైన పని. ఆ కష్టమును తొలగించినవారు అమెరికా దేశీయులైన చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగుగారు. ఆయన చరిత్రమును, ఆయనవలన ప్రతి బండిలోను స్థిరపడిన బ్యాటరీ సంగతిని, అది పాడైనప్పుడు ఇంటివద్దనే మార్చుకొను విధమును మేము ఈ వ్యాసమున చెప్పదలచితిమి. ఆయనవలన లోకమునకు కలిగిన మేలుతో పాటు, ఆయన పరిశోధనాలయమునుండి వెలువడిన కీడునుగూడ దాచక చెప్పుదుము. ఏలయన, ఆ రెండింటిలోను సీసమను ఒకే లోహమునకు చోటు కలదు.

కెట్టరింగుగారు 1876వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఒహాయో రాష్ట్రమున, లౌడన్‌విల్ అను చిన్న పట్టణమునకు సమీపమందలి పొలములో జన్మించిరి. తండ్రి జేకబు వ్యవసాయదారుడు. తల్లి పేరు మార్తా. ఐదుగురు బిడ్డలలో ఈయన నాలుగవవారు. బాల్యమునుండియు ఈయన కన్నులు బలహీనములు. కొంతసేపు పుస్తకము చదివినచో తలనొప్పి పట్టి బాధించెడిది. అయినను పొలములోని పనిముట్లు, యంత్రములు ఎట్లు నడచునో తెలిసికొనుటయందు ఈయనకు తీరని ఆసక్తి యుండెను. చదువుటకు కన్నులు సహకరింపనప్పుడు, చేతితో విప్పి చూచుటయే ఈయన చదువయ్యెను.

ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఈయన కొంతకాలము పల్లెబడిలో ఉపాధ్యాయుడుగా నుండిరి. ఉపాధ్యాయవృత్తియందున్న మాకు ఈ భాగము ప్రియమైనదని చెప్పనక్కరలేదు. తరువాత ఊస్టరు కళాశాలలో కొన్నాళ్లు చదివి, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు విద్యకై చేరిరి. కాని కన్నుల బాధ మిక్కుటమై చదువు మానవలసి వచ్చెను. అప్పుడీయన నిరాశపడి ఇంట కూర్చుండలేదు. టెలిఫోను కంపెనీలో కూలివారితోపాటు గోతులు త్రవ్వి, స్తంభములు నాటి, తీగెలు లాగు పనిలో కుదిరిరి. ఆరుబయట చేసిన ఆ పనివలన దేహమునకు బలము, కన్నులకు విశ్రాంతి లభించెను. మరల విశ్వవిద్యాలయమున ప్రవేశించి, తోటి విద్యార్థులు పాఠములు చదివి వినిపింపగా మనస్సున నిలుపుకొని, 1904వ సంవత్సరమున విద్యుచ్ఛాస్త్ర ఇంజనీరుగా పట్టము పొందిరి. అప్పటికి ఈయన వయస్సు సుమారు 28 సంవత్సరములు. తరగతిలో వెనుకబడితినని చింతించు బాలురు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

పట్టము పొందిన యేటనే ఈయనకు డేటన్ నగరమందలి నేషనల్ క్యాష్ రిజిస్టరు కంపెనీలో ఉద్యోగము దొరకెను. అంగళ్లలో సొమ్ము లెక్కకట్టి పెట్టెలో వేయు యంత్రములను ఆ కంపెనీ తయారు చేయుచుండెను. ఆ యంత్రమును చేతిపిడితో త్రిప్పవలసి యుండెను. చేతితో త్రిప్పు పని విద్యుత్తుచే జరుగునట్లు చేయుట కెట్టరింగుగారికి ఒప్పగింపబడెను. ఎడతెగక తిరుగు మోటారు కావలెనన్నచో అది చాల పెద్దదిగా నుండవలెను. అంగటి బల్లపై దానికి చోటు లేదు. ఈయన నిదానముగా ఆలోచించి, లెక్కపెట్టె దినమంతయు తిరుగనక్కరలేదనియు, ఒకటి రెండు క్షణములపాటు గట్టిగా తిరిగి ఆగినచో చాలుననియు గ్రహించిరి. కొద్ది కాలముపాటైనచో చిన్న మోటారుకూడ తన శక్తికి మించిన పనిని చేయగలదు; వేడెక్కి కాలిపోవులోగా పని ముగియును. ఈ చిన్న సత్యమే ఆయన భవిష్యత్తునకు పునాది యయ్యెను. 1905లో ఆయన ఆలివ్ విలియమ్సు అను కన్యను వివాహమాడిరి. వారికి యూజీన్ అను ఒక్క కుమారుడు కలిగెను.

ఆ కంపెనీలోనే ఎడ్వర్డు డీడ్సు అను అధికారి ఈయనకు ఆప్తమిత్రుడయ్యెను. డీడ్సుగారి యింటి వెనుక నొక కొట్టము కలదు. పగటి ఉద్యోగము ముగియగనే కొందరు పనివారు ఆ కొట్టమునకు చేరి, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు మోటారుబండ్లకు కావలసిన విద్యుత్పరికరములపై కృషి చేయుచుండిరి. 1909లో వారు డేటన్ ఇంజనీరింగు లేబొరేటరీసు అను కంపెనీని స్థాపించిరి. దాని పేరులోని అక్షరములను కూర్చి డెల్కో అని వాడుక చేసిరి. ఇంజనులోని పెట్రోలు ఆవిరిని మండించు నిప్పురవ్వను నిలకడగా పుట్టించు పరికరము వారి మొదటి విజయము. దానిని కాడిలాక్ బండ్ల కంపెనీ కొనెను.

ఆ దినములలో బండిని బయలుదేరదీయుట యెట్లో చదువరులు తెలిసికొనవలెను. బండి ముందుభాగమున ఇనుపపిడిని దూర్చి, నడుము వంచి, బలముకొలది త్రిప్పవలెను. నిప్పురవ్వ పుట్టు సమయమును ముందుగా సవరింపని యెడల ఇంజను వెనుకకు తన్నును. అప్పుడు ఆ పిడి తగిలి మణికట్టు విరుగుట, దవడ పగులుట మిక్కిలి సాధారణము. స్త్రీలును వృద్ధులును ఒంటరిగా బండి నడుపుటకు జంకుచుండిరి. కాడిలాక్ అధిపతియైన హెన్రీ లేలండుగారి మిత్రుడొకడు ఇట్టి దెబ్బవలననే మరణించెననియు, ఆ దుఃఖమే లేలండుగారిని దీనికి విరుగుడు వెదకునట్లు చేసెననియు చెప్పుదురు.

విద్యుత్తుతో ఇంజనును త్రిప్పవలెనన్నచో ఇంజనంత మోటారు కావలెనని ఆనాటి ఇంజనీర్లనేకులు తలచిరి. కెట్టరింగుగారికి వెంటనే లెక్కపెట్టె జ్ఞప్తికి వచ్చెను. ఇంజనును మోటారు దినమంతయు త్రిప్పనక్కరలేదు. అది తనంతట తాను మండుకొను వరకు, అనగా కొన్ని క్షణములు, త్రిప్పినచో చాలును. ఆ కొన్ని క్షణములకు కావలసిన విద్యుత్ప్రవాహమును ఒక బ్యాటరీ ఇయ్యవలెను. ఇంజను నడచుటకు మొదలిడిన తరువాత ఆ యంత్రమే విద్యుత్తును పుట్టించి, ఖర్చయిన దానిని మరల బ్యాటరీలో నింపవలెను. రాత్రివేళ దీపములకును అదియే ఆధారము కావలెను. ఇట్లు అప్పు పుచ్చుకొని తిరిగి తీర్చు ఏర్పాటును ఆయన కల్పించిరి. 1911 ఫిబ్రవరిలో ఆ బండిని లేలండుగారి యెదుట నడిపి చూపిరి. 1912వ సంవత్సరపు కాడిలాక్ బండ్లన్నియు దానితోనే వెలువడెను. తరువాతి పది పండ్రెండేండ్లలో ఆ దేశమందలి బండ్లలో చేతిపిడి వాడుక చాలవరకు అంతరించెను.

ఇక ఆ బ్యాటరీ సంగతి. సీసపు బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. దానిని ప్రతి బండిలోను తప్పనిసరి వస్తువుగా చేసినది కెట్టరింగుగారి పరికరము. నేటి కారు బ్యాటరీలో ఆరు గదులు వరుసగా నుండును. ఒక్కొక్క గదియందు సీసపు పలకలును, సీసపు ఆక్సైడు పూసిన పలకలును, నీటితో కలిపిన గంధకికామ్లమున మునిగి యుండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము పైబడిన పీడనము నిచ్చును. ఆరును కలిసి సుమారు 12.6 వోల్టులగును. బ్యాటరీ పని చేయునపుడు రెండువిధములైన పలకలును సీసపు సల్ఫేటుగా మారును. విద్యుత్తు మరల నింపినప్పుడు పూర్వస్థితికి వచ్చును. బహుకాలము ఖాళీగా విడిచినచో ఆ సల్ఫేటు గట్టిపడి కరగకుండును. మనదేశమువంటి ఉష్ణప్రదేశములలో వేడిమివలన పలకలు త్వరగా క్షీణించును. కావుననే మూడు నాలుగేండ్లకు బ్యాటరీ మార్చుట మనకు సామాన్యము.

ఇంజను బరువుగా, మెల్లగా తిరిగినను, దీపములు మసకబారినను బ్యాటరీ చెడెనని వెంటనే నిశ్చయింపరాదు. ముందు దాని రెండు కొనలను పరిశీలింపవలెను. అచ్చట తెల్లగానో, పచ్చగానో, నీలిగానో పొడి పేరుకొని యున్నచో విద్యుత్తు సరిగా ప్రవహింపదు. శుభ్రము చేసినంతనే కొన్ని బండ్లు మామూలుగా నడచును. బండి కొన్ని గంటలు నిలిచియున్న తరువాత మల్టీమీటరుతో కొలిచినచో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను నడచునపుడు సుమారు 14 వోల్టులు చూపవలెను. అంత లేనిచో దోషము బ్యాటరీలో కాక దానిని నింపు యంత్రములో నుండవచ్చును. ఇట్లు పరీక్షింపక క్రొత్తది కొనువాడు డబ్బును నష్టపోవును, చిక్కును తీరదు.

మార్చవలెనని తేలినచో, పరిమాణమునందును, శక్తియందును, కొనలున్న ప్రక్కయందును పాతదానికి సరిపోవు బ్యాటరీని తేవలెను. ఇంజను ఆపి, దీపములన్నియు ఆర్పి, తాళపుచెవి తీసి దూరముగా నుంచవలెను. చేతి ఉంగరమును, లోహపు గడియారమును తీసివేయవలెను. కండ్లద్దములును చేతితొడుగులును ధరింపవలెను. సమీపమున నిప్పు గాని, చుట్టగాని ఉండరాదు. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజను వాయువు రవ్వ తగిలినంతనే ప్రేలును. ఆమ్లము మైపై పడినచో వెంటనే సమృద్ధిగా నీటితో కడుగవలెను; కంట పడినచో కనీసము పావుగంట కడిగి వైద్యుని యొద్దకు పోవలెను. పిల్లలు పెద్దలు దగ్గర లేనిదే ఈ పని తలపెట్టరాదు.

విప్పునపుడు ముందుగా ఋణధ్రువపు తీగెను, అనగా తీసివేత గుర్తు గలదానిని, విప్పవలెను. పిమ్మట కూడిక గుర్తుగల ధనధ్రువపు తీగెను విప్పవలెను. తీగెల రంగును మాత్రము నమ్మక గుర్తులను చూడవలెను. ఈ వరుసకు కారణము గలదు. బండి ఇనుపదేహమంతయు ఋణధ్రువముతో కలిసియున్నది. అది కలిసియుండగా ధనధ్రువమును విప్పబోయినచో, చేతిలోని స్పానరు ప్రక్కనున్న ఇనుమును తాకినంతనే బ్యాటరీలోని శక్తియంతయు దానిగుండ పారును. స్పానరు ఎఱ్ఱగా కాలును, రవ్వలెగయును. ఋణధ్రువము ముందే విడిపోయినచో ఆ మార్గము తెగియుండును. కారణము తెలిసిన పని మరపునకు రాదు. వరుస మాత్రము వల్లించినవాడు తొందరలో తప్పును.

తరువాత బ్యాటరీని బిగించిన పట్టీని విప్పి, వంచక నిలువుగా పైకెత్తవలెను. అది సాధారణముగా పది పదునైదు కిలోలకు తక్కువ కాని బరువు. ఒంటరిగా వంగి ఎత్తి నడుము పట్టించుకొనుట కంటె మరియొకరి సాయము కోరుట మేలు. తీగెల చివరలను వంటసోడా కలిపిన నీటితో కడిగి, తీగెబ్రష్షుతో రుద్ది, పొడిగా తుడువవలెను. క్రొత్తదానిని నిలిపి పట్టీ బిగించి, ఈసారి ముందు ధనధ్రువమును, కడపట ఋణధ్రువమును కలుపవలెను. కొనలకు పలుచగా వాజిలీను పూసినచో పొడి త్వరగా పేరుకొనదు. ఈ కాలపు కొన్ని బండ్లలో గడియారము మొదలగునవి మరల సవరింపవలసి యుండును; మరికొన్నింటిలో క్రొత్త బ్యాటరీ సంగతిని బండిలోని కంప్యూటరునకు తెలుపవలసి యుండును. కావున కంపెనీవారిచ్చిన పుస్తకమును ముందుగా చదువవలెను. విద్యుత్తుతో నడచు బండ్ల పెద్ద బ్యాటరీని మాత్రము ఇంట ఎవరును తాకరాదు. దాని పీడనము ప్రాణాంతకము.

పని ముగిసినది. పాత బ్యాటరీ నేలపై నున్నది. దాని సంగతి చెప్పుటకు ముందు కెట్టరింగుగారి చరిత్రమును కొనసాగింపవలెను.

డెల్కో కంపెనీ 1916లో యునైటెడ్ మోటార్సు చేతికిపోయి, 1918లో జనరల్ మోటార్సులో కలిసెను. విద్యుత్తీగెలు చేరని పల్లెటూళ్ల రైతుల యిండ్లకు చిన్న ఇంజనుతోను, బ్యాటరీలతోను దీపములు వెలుగు ఏర్పాటును ఈయన ఆ కాలముననే కల్పించిరి. 1920 మొదలు 1947 వరకు జనరల్ మోటార్సు పరిశోధనశాఖకు ఈయనయే అధిపతి. త్వరగా ఆరు రంగులు, రైళ్లను లాగు డీజెలు ఇంజనులు ఆ శాఖ కృషిచే వృద్ధి పొందెను. ఓటమియు లేకపోలేదు. నీటికి బదులు రాగి రెక్కలతో గాలిచే చల్లబడు ఇంజనును ఈయన పట్టుదలతో చేయించగా, 1923లో అమ్మిన ఆ బండ్లను కంపెనీ వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఈయన పేర 180కి పైగా పేటెంటులు కలవు.

ఇప్పుడు చెప్పబోవునది దుఃఖకరమైన భాగము. కొన్ని ఇంజనులు బరువు లాగునపుడు లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు చేయుచుండెను. కెట్టరింగుగారి బ్యాటరీ నిప్పురవ్వయే దీనికి కారణమని కొందరు నిందించిరి. ఆ నింద పోగొట్టుకొనుటకై ఈయన పరిశోధన ప్రారంభింపగా, దోషము పెట్రోలు మండు తీరులో నున్నదని తేలెను. ఈయన క్రింద పనిచేయు థామస్ మిడ్జిలీ అను శాస్త్రజ్ఞుడు 1921 డిసెంబరులో సీసముతో కూడిన ఒక ద్రవమును కొంచెము కలిపినచో ఆ చప్పుడు పోవునని కనుగొనెను. ఆల్కహాలుకూడ ఆ చప్పుడును తగ్గించునని ఆ పరిశోధనాలయమువారెరుగుదురు. అయినను చౌకయైనది, లాభకరమైనది సీసమే యని దానినే ఎంచుకొనిరి. 1923లో డేటన్ నగరముననే ఆ పెట్రోలు అమ్మకము మొదలయ్యెను. దానికై 1924లో ఏర్పడిన కంపెనీకి మొదటి అధ్యక్షుడు కెట్టరింగుగారే.

సీసము విషమని ఆనాటి వైద్యులకు తెలియనిది కాదు. మిడ్జిలీకే ఆ విషము సోకి కొన్నాళ్లు పని మానవలసి వచ్చెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమందలి బేవే కర్మాగారమున ఆ ద్రవము వలన ఐదుగురు పనివారు మతిచెడి మరణించిరి. 1925లో జరిగిన సభలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు దీనిని తీవ్రముగా ఖండించెను. కొంతకాలము ఆగిన అమ్మకము మరల సాగెను. తరువాత అనేక దశాబ్దులు లోకమందలి బండ్లన్నియు సన్నని సీసపు ధూళిని వీధులలో వెదచల్లుచు తిరిగెను. ఆ ధూళి పసిబిడ్డల మెదడునకు హాని చేయునని, వారి తెలివిని తగ్గించునని పరిశోధనలు స్థాపించినవి. అమెరికా 1996లోను, మనదేశము 2000లోను దానిని మానినవి. కడపటి దేశమైన అల్జీరియా 2021లో మానెను. మిడ్జిలీయే ఆ పరిశోధనశాఖ ప్రోత్సాహముతో శీతల పెట్టెలకై కనుగొన్న వాయువు, ఆకాశమందలి ఓజోను పొరను తినివేయునని తరువాత తేలగా, 1987లో మాంట్రియల్ ఒడంబడిక చేయవలసి వచ్చెను.

ఈ రెండు కీడులను సమానముగా ఎంచుట న్యాయము కాదు. ఓజోను సంగతి కెట్టరింగుగారి జీవితకాలమున ఎవరికిని తెలియదు. సీసము సంగతి తెలియును, వైద్యులు హెచ్చరించిరి, వినువారు వినలేదు. అమాయకత్వమునకును అలక్ష్యమునకును గల భేద మిదియే. ఒకే మనుష్యుడు ఇనుపపిడి దెబ్బలనుండి వేలకొలది చేతులను కాపాడెను. ఆయనయే కోట్ల బిడ్డల ఊపిరిలోనికి విషము చేరుటకు దారితీసెను. ఆయన దయలేనివాడనుటకును వీలులేదు. విద్యాసంస్థలకు విరివిగా ధనమిచ్చెను. క్యాన్సరు వ్యాధి పరిశోధనకై ఆల్ఫ్రెడ్ స్లోనుగారితో కలిసి 1945లో న్యూయార్కున స్లోన్-కెట్టరింగు సంస్థను నెలకొల్పెను. మరుసటి యేట భార్యయైన ఆలివ్ ఆ వ్యాధితోనే మరణించెను. 1958 నవంబరు 25న ఆయనయు కాలధర్మము నొందిరి. డేటన్ సమీపమున ఒక నగరమును, ఫ్లింటు నగరమున ఒక విశ్వవిద్యాలయమును నేటికిని ఆయన పేరు వహించుచున్నవి.

ఇక నేలపైనున్న పాత బ్యాటరీ సంగతి. కెట్టరింగుగారు సీసమును రెండు విధముల వాడిరి. పెట్టెలో మూసియుంచినపుడు అది సేవకుడు. అంతేగాక కరగించి మరల క్రొత్త పలకలుగా చేయదగినది. గాలిలోనికి విడిచినపుడు అది శత్రువు. ఎవరును తిరిగి పోగుచేయజాలనిది. మనము పాత బ్యాటరీని ఏమి చేయుదుమో దానినిబట్టి ఆ లోహము సేవకుడగునో శత్రువగునో తేలును. పెరటిలో పగులగొట్టి ఆమ్లమును మట్టిలో పారబోసి, సీసమును బొగ్గులపై కరగించువారు పలుచోట్ల గలరు. సెనెగల్ దేశమున డకార్ నగర సమీపమందలి ఒక పేటలో, పాత బ్యాటరీల సీసముచే మట్టి విషపూరితమై, 2007 నవంబరు మొదలు 2008 మార్చి వరకు 18 మంది పసిబిడ్డలు చనిపోయిరి. వారి తల్లులలో కొందరు బ్రతుకుతెరువుకై ఆ పనిచేసినవారే.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. పాత బ్యాటరీని గుజరీవానికి అమ్మక, నిలువుగా నుంచి, క్రొత్తది కొన్న అంగటికే అప్పగింపుడు. వారు దానికి వెలకట్టి క్రొత్తదాని ధరలో తగ్గింతురు. మనదేశమున 2001 నాటి నిబంధనలు పాతవానిని తిరిగి తీసికొనుమని విధించినవి. వాని స్థానమున వచ్చిన 2022 నాటి నిబంధనలు ఆ బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి. పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొని, ఆ బట్టలను వేరుగా ఉతికి, అప్పుడు బిడ్డల నెత్తుకొనుడు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లగుదురు. కన్నులు బలహీనమైన బాలుడు పట్టుదలచే ఎంత ఎత్తునకు పోగలడో కెట్టరింగుగారివలన నేర్చికొనుడు. మీరు చేసిన వస్తువు పని చేయునా యని అడిగినట్లే, పని ముగిసిన పిమ్మట అది ఎచ్చటికి పోవునో, ఎవరి బిడ్డ దానిని పీల్చునో యనిగూడ అడుగుడు. మొదటి ప్రశ్న ఆయన జీవితాంతము అడిగెను. రెండవ ప్రశ్నను ఇతరులు అడిగినప్పుడు ఆయన ఆలకింపలేదు. ఆ రెండింటిని కలిపి అడుగుట మీ తరమువారి వంతు.